ఇంటికి సౌర విద్యుత్తు: ముందు మీటరు, తరువాత డాబా

డాబా మీద సౌర ఫలకాలు పెట్టించుకోవాలనుకునేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న, ఎన్ని కిలోవాట్లు కావాలి అన్నది. దానికి జవాబు కరెంటు బిల్లుల్లో దొరుకుతుంది. మన ఎండలకు ఒక కిలోవాటు ఫలకాలు రోజుకు సగటున నాలుగు యూనిట్లు, అంటే నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తాయి. గత పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకుని సగటు తీయాలి. మే నెల బిల్లు ఒక్కటే చూసి లెక్క వేస్తే అనవసరపు ఖర్చు మీద పడుతుంది. జనవరి బిల్లు చూసి వేస్తే వేసవికి చాలదు. అయితే ఆ సగటును కూడా ఉన్నదున్నట్టు తీసుకోవద్దని నా సలహా. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి మూడు కిలోవాట్లు పెట్టించాల్సి వస్తుంది. వృథాను అరికట్టి అదే ఇల్లు 240 యూనిట్లకు దిగితే రెండు కిలోవాట్లు సరిపోతాయి. కనుక పొదుపు ముందు, ఫలకాలు తరువాత.

వృథా ఎక్కడ జరుగుతున్నదో కనిపెట్టడానికి మీటరే చాలు. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం ఆగి ఆగి వెలుగుతూ ఉంటుంది. పక్కనే ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు వెలుగుతుందో, ఉదాహరణకు 3200 అని, ముద్రించి ఉంటుంది. ఈ అంకె మీటరును బట్టి మారుతుంది కాబట్టి మీ మీటరు మీద ఉన్నదే తీసుకోవాలి. ఇంట్లో స్విచ్చులన్నీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసి, ఒక నిమిషం పాటు దీపం ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. అసలు వెలగకూడదు. వెలిగితే సెట్ టాప్ బాక్సో, వైఫై రూటరో, చార్జింగ్ అవుతున్న ఇన్వర్టర్ బ్యాటరీయో ఎక్కడో కరెంటు తీసుకుంటున్నదన్నమాట. అవీ తీసేసిన తరువాత కూడా వెలుగుతూ ఉంటే వైరింగులో లీకేజీ ఉందేమో ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి. ఆ తరువాత ఒక్కొక్క పరికరాన్నే వేస్తూ మళ్లీ లెక్కపెట్టాలి. 3200 అంకె ఉన్న మీటరులో నిమిషానికి 16 సార్లు వెలిగిందంటే ఆ పరికరం 300 వాట్లు వాడుతున్నట్టు. ఒక ఆదివారం ఉదయం కూర్చుని ఇంటి పరికరాలన్నిటికీ ఇలా పట్టిక రాసుకుంటే, ఏది మార్చాలో ఇంకెవరినీ అడగనక్కరలేదు.

తెలుగు ఇళ్లలో ఎక్కువ గంటలు తిరిగేది సీలింగ్ ఫ్యాను. పాత ఫ్యాను 75 వాట్ల వరకు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ అనే, తక్కువ కరెంటుతో తిరిగే బ్రష్‌లు లేని మోటారు ఉన్న ఫ్యాను 30 వాట్లతో దాదాపు అంతే గాలి ఇస్తుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగే గదిలో మార్చితే ఒక్క ఫ్యాను మీదే నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి. కొత్త ఫ్యాను బిగించేటప్పుడు గోడ మీది పాత రెగ్యులేటరును లైను నుంచి తప్పించాలి, లేకపోతే ఫ్యానులోని ఎలక్ట్రానిక్స్ పాడవుతాయి. ఏసీని 24 డిగ్రీల కంటే తగ్గించవద్దు. 26 దగ్గర పెట్టి ఫ్యాను కూడా వేసుకుంటే చాలామందికి హాయిగానే ఉంటుంది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే వాడకం సుమారు ఆరు శాతం తగ్గుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతుంది. ఏసీ గానీ ఫ్రిజ్ గానీ కొనేటప్పుడు నక్షత్రాలతో పాటు లేబుల్ మీది సంవత్సరాన్నీ, ఏడాదికి అయ్యే యూనిట్లనూ చదవాలి. ప్రమాణాలను ఎప్పటికప్పుడు కఠినం చేస్తారు కాబట్టి కొన్నేళ్ల నాటి ఐదు నక్షత్రాలు నేటి ఐదుకు సమానం కావు.

ఇక డాబా సంగతి. ఒక కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. ఈ నీడ విషయంలో చాలామంది అజాగ్రత్తగా ఉంటారు. ఫలకాలను వరుసగా ఒకదానికొకటి కలుపుతారు కనుక, ఒక ఫలకం మూల మీద పడిన కొబ్బరి మట్ట నీడ మొత్తం వరుస ఉత్పత్తిని దిగలాగగలదు. వేసవిలో చూసి నీడ లేదనుకోకూడదు. జూన్‌లో మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి వెళతాడు. డిసెంబరులో దక్షిణానికి బాగా వాలతాడు. డిసెంబరు మూడో వారంలో హైదరాబాదులో ఆరడుగుల నీళ్ల ట్యాంకు మధ్యాహ్నం పన్నెండింటికి ఉత్తరం వైపు అయిదడుగులకు పైగా నీడ వేస్తుంది, ఉదయం సాయంత్రం అంతకంటే ఎక్కువ. కాబట్టి ట్యాంకుకు, మెట్ల గదికి, పిట్టగోడకు ఉత్తరం వైపు చోటు వదిలి ఫలకాలు పెట్టాలి. వాటి ముఖం దక్షిణానికి ఉండాలి. వాలు మీ ఊరి అక్షాంశానికి దగ్గరగా, అంటే తిరుపతిలో పద్నాలుగు డిగ్రీలు, విశాఖలో పద్దెనిమిది డిగ్రీల ప్రాంతంలో ఉంటే మంచిది.

బట్టలు ఆరవేసుకోవడానికీ, వడియాలు పెట్టుకోవడానికీ డాబా కావాలని ఫలకాలను ఎత్తు స్తంభాల మీద పెట్టించేవారు గాలి బలాన్ని తప్పక లెక్కలోకి తీసుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను ఎలా కుదిపేసిందో కోస్తావారికి చెప్పనక్కరలేదు. ఇనుప చట్రానికి జింకు పూత ఉండాలి, బోల్టులు శ్లాబులోకి దిగిన చోట నీరు ఇంకకుండా పూత వేయించాలి. ఎర్తింగు, పిడుగు నివారిణి విడిగా ఉన్నాయో లేదో బిగించిన రోజే చూసుకోవాలి.

రాయితీ విషయానికొస్తే, 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాటుకు 18,000 రూపాయలు ఇస్తారు. అంతకు మించి ఎంత పెట్టించినా గరిష్ఠం 78,000 రూపాయలే. అపార్టుమెంటు సంఘాలు లిఫ్టు, మోటార్లు, ఉమ్మడి దీపాల కోసం పెట్టించుకుంటే కిలోవాటుకు 18,000 రూపాయలు వస్తుంది. దరఖాస్తు జాతీయ పోర్టల్‌లోనే చేయాలి, మీ ప్రాంతపు విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కమ్) దగ్గర నమోదైన విక్రేతనే ఎంచుకోవాలి, ఫలకాలు దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవై ఉండాలి. కరెంటు సర్వీసు ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే ముందు పేరు మార్పించుకోండి. తరువాత ఆ పనికి తిరిగితే అంతా ఆలస్యమవుతుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచితంగా పొందుతున్న కుటుంబాలకు ఈ పెట్టుబడి తిరిగి రావడం కష్టం, కనుక వారు తొందరపడకుండా లెక్క చూసుకోవాలి.

కరెంటు పోతే సౌర విద్యుత్తుతో ఇల్లు నడుస్తుందని అనుకోవడం పెద్ద అపోహ. గ్రిడ్‌కు, అంటే వీధి కరెంటు లైనుకు కలిపిన మామూలు వ్యవస్థ, లైనులో కరెంటు లేనప్పుడు తానూ ఆగిపోతుంది. స్తంభమెక్కి మరమ్మతు చేస్తున్న లైన్‌మన్‌కు మీ డాబా నుంచి షాక్ తగలకుండా అలా రూపొందించారు. కోతల సమయంలోనూ కావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టించాలి, ఖర్చు బాగా పెరుగుతుంది.

నిర్వహణ సులువే గానీ మరచిపోకూడదు. దుమ్ము ఎక్కువగా ఉండే నెలల్లో రెండు వారాలకోసారి తెల్లవారుజామునో సాయంత్రమో కడగాలి. మిట్టమధ్యాహ్నం కాగిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదముంది. బోరు నీటిలో ఉప్పు ఎక్కువైతే అద్దం మీద తెల్లటి మరకలు కడతాయి, వెంటనే మెత్తని గుడ్డతో తుడిచేయాలి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో తీగలన్నీ పైపుల్లోంచే పోయేటట్టు చూడాలి. నెల నెలా ఒకే తేదీన, ఫలకాల విద్యుత్తును ఇంటి కరెంటుగా మార్చే సౌర ఇన్వర్టరు చూపే మొత్తం యూనిట్లను ఒక పుస్తకంలో రాసుకుని, కిందటి ఏడాది అదే నెలతో పోల్చండి. మబ్బు కారణం కాకుండా తగ్గుదల కనబడితే మొదట ఫలకాలు కడగండి, తరువాత కొత్తగా ఎదిగిన కొమ్మల నీడ ఏమైనా పడుతోందేమో చూడండి, అప్పటికీ తేలకపోతే వారంటీ కాగితాలు తీసి విక్రేతను పిలిపించండి.