మెల్‌బోర్న్ జూకి పిల్లలతో వెళ్తున్నారా?

మెల్‌బోర్న్‌లో పిల్లలున్న తెలుగువాళ్లు జూకి మామూలు రోజుల్లో కాకుండా శని, ఆదివారాల్లో వెళ్లండి. వారాంతాల్లో, పబ్లిక్ హాలిడేల్లో, విక్టోరియా స్కూల్ సెలవుల్లో పదహారేళ్ల లోపు పిల్లలకు టికెట్ ఉచితం. ఇద్దరు పిల్లలుంటే మిగిలేది చిన్న మొత్తమేమీ కాదు. ఉచితమే అయినా పెద్దవాళ్ల టికెట్లతో పాటు వాళ్లవీ ముందే ఆన్‌లైన్‌లో తీసేసుకోండి, గేటు దగ్గర టెన్షన్ ఉండదు.

కారు తీయక్కర్లేదు. అప్‌ఫీల్డ్ లైన్ ట్రైన్ ఎక్కి రాయల్ పార్క్‌లో దిగితే జూ గేటు పక్కనే. పార్కింగ్ కోసం తిరిగే బాధ తప్పుతుంది, పిల్లలకు ట్రైన్ ప్రయాణం అదో సరదా.

ఒక్క విషయం మాత్రం ముందే చెప్పి తీసుకెళ్లండి: ఏనుగులు ఇప్పుడక్కడ లేవు. 2025లో వాటిని వెరిబీ ఓపెన్ రేంజ్ జూకి తరలించారు. ఏనుగు కోసమే బయల్దేరిన పిల్లవాడిని అక్కడికెళ్లాక ఊరుకోబెట్టడం మన వల్ల కాదు! ఏనుగే కావాలంటే వెరిబీకే వెళ్లండి, పిల్లలకు ఈ ఉచితం అక్కడా ఉంది.

భోజనం ఇంటి నుంచే పట్టుకెళ్లొచ్చు. పులిహోర, పెరుగన్నం కట్టుకుని పచ్చికలో దుప్పటి పరుచుకుంటే ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలకు కూడా హాయి. ఎండాకాలమైనా పల్చటి జాకెట్ ఒకటి సంచిలో పెట్టుకోండి, ఇక్కడి వాతావరణం మధ్యాహ్నానికే మారిపోతుంది. సీతాకోకచిలుకల ఇంట్లో మాత్రం వెచ్చగా ఉంటుంది, అక్కడ జాకెట్ తీసేయండి.