స్పోకెన్ ఇంగ్లిష్ ప్రాజెక్టా? చార్టు మీద వాక్యాలు రాయనివ్వకండి
ఎనిమిది, తొమ్మిది తరగతులకైతే మధ్యాహ్న భోజనం మీద సర్వే పెట్టండి. నలుగురికో జట్టు, మనిషికి ఒకే ప్రశ్న: "విచ్ కర్రీ డూ యూ లైక్?" లాంటిది. అదే ప్రశ్న పదిమందిని అడిగేసరికి నోరు తిరుగుతుంది. జవాబు తెలుగులో వచ్చినా ఫర్వాలేదు, ప్రశ్న మాత్రం ఇంగ్లిష్‌లోనే.

వచ్చిన లెక్కలు చార్టు మీద పెట్టి, జట్టులో ఒకరు క్లాసుకి చెప్పాలి. అసలు చెడేది ఆ చార్టు దగ్గరే. రంగులకీ బోర్డర్లకీ రెండు పీరియడ్లు పోతాయి. పైగా వాక్యాలు రాసిపెడితే పిల్లలు చూసి చదివేస్తారు, అది మాట్లాడటం కాదు. అంకెలు, కూరల పేర్లు మాత్రమే ఉండనివ్వండి. అంకె చూసి "సిక్స్ స్టూడెంట్స్ లైక్ సాంబార్" అని అక్కడికక్కడ అల్లుకోవాలి. ఎవరు చెప్పాలో అప్పుడే చీటీ తీయండి. ముందే తెలిస్తే ఇంగ్లిష్ బాగా వచ్చిన ఒక్కరే బట్టీపట్టి వస్తారు, మిగతా ముగ్గురూ స్కెచ్ పెన్నులకే పరిమితం. మధ్యలో తప్పులు దిద్దకండి. రాసుకుని, అన్ని జట్లూ అయ్యాక రెండు మూడు బోర్డు మీద పెడితే చాలు.