స్పానిష్‌లో పొడవాటి మాటను విడదీసి అర్థం చేసుకోవడం ఎలా?

'ఎస్క్రీబెసెలో' అన్న మాట నిఘంటువులో ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే అది మూడు మాటల కూర్పు. ఇలాంటివి ఎదురైనప్పుడు చివరి నుంచి విప్పుకుంటూ రండి.

ముందుగా చివరనున్న సర్వనామాలను పక్కకు తీయండి. మె అంటే నాకు, నన్ను. తె అంటే నీకు, నిన్ను. లె అంటే అతనికి, ఆమెకు. లో, లా అంటే అతన్ని, ఆమెను, దాన్ని. ఇక్కడ 'లో' తీస్తే 'దాన్ని', 'సె' తీస్తే 'అతనికి', మిగిలిన 'ఎస్క్రీబె' అంటే రాయి. మొత్తం కలిపితే 'దాన్ని అతనికి రాయి'. 'లె' ఉండాల్సిన చోట 'సె' ఎందుకొచ్చింది? లో, లా, లోస్, లాస్‌ల ముందు లె, లెస్ రెండూ 'సె'గా మారిపోతాయి. అందువల్ల ఆ 'సె' అతనికో, ఆమెకో, వాళ్లకో సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి.

వరుస ఎప్పుడూ ఒకటే: ముందు 'ఎవరికి', తరువాత 'దేన్ని'. 'దామెలో' అంటే 'నాకు దాన్ని ఇవ్వు'. వద్దని చెప్పేటప్పుడు మాత్రం సర్వనామాలు విడిపోయి క్రియకు ముందు నిలబడతాయి: 'నో మె లో దెస్', అంటే 'నాకు దాన్ని ఇవ్వకు'.

'మె గుస్తా' దగ్గర ఇంగ్లీషు ద్వారా వెళ్లేవారు తికమకపడతారు. మీరు నేరుగా తెలుగులోంచే వెళ్లండి. 'మె గుస్తా ఎల్ లిబ్రో' అంటే 'నాకు ఆ పుస్తకం నచ్చుతుంది'. పుస్తకాలు ఎక్కువైతే 'మె గుస్తాన్ లోస్ లిబ్రోస్', 'నచ్చుతాయి'. క్రియ మారేది నచ్చిన వస్తువును బట్టే, అచ్చం మన భాషలో లాగే! ఈ వెసులుబాటును తెలుగువారు తప్పక వాడుకోవాలి.

సర్వనామాలు పోయాక మిగిలిన క్రియను ఆర్, ఎర్, ఇర్‌లతో ముగిసే మూలరూపానికి మార్చి వెతకండి. 'ఎస్క్రీబె'కు అది 'ఎస్క్రిబిర్'.

నామవాచకాలలో ప్రత్యయాన్ని చూడండి. సపాతో అంటే బూటు, సపాతేరో బూట్లు కుట్టేవాడు, సపాతెరీయా బూట్ల దుకాణం. 'ఈతో', 'ఈతా' చిన్నదనాన్నో ముద్దునో తెలుపుతాయి: అబుయెలా నాయనమ్మ లేదా అమ్మమ్మ, అబుయెలీతా అంటే అదే ప్రేమగా పిలవడం.

అయితే ప్రత్యయంతో ఊహించిన అర్థాన్ని నిఘంటువులో సరిచూసుకోండి. సంచి అనే అర్థమున్న 'బోల్సా'కు 'ఈయో' అనే మరో చిన్నదనపు ప్రత్యయం చేర్చిన రూపంలా కనిపించే 'బోల్సీయో' అంటే జేబు. ఇంగ్లీషు 'లైబ్రరీ'లా వినిపించే 'లిబ్రెరీయా' పుస్తకాల దుకాణమే తప్ప గ్రంథాలయం కాదు. గ్రంథాలయాన్ని 'బిబ్లియోతేకా' అంటారు. ఇక 'ఇప్పుడు' అనే 'అఓరా' నుంచి వచ్చిన 'అఓరీతా' మెక్సికోలో 'ఈ క్షణమే' కావచ్చు, 'కాసేపాగి' కూడా కావచ్చు. అక్కడ అన్నవారినే అడగండి.