గొడవ పడకుండా అడగడం ఎలా: బస్సులో, గేటు ముందు, మైకు దగ్గర

నేను ఉండేది గుంటూరు బ్రాడీపేటలో, ఉద్యోగం విజయవాడ గవర్నర్‌పేటలో. రాకపోకలు బస్సులోనే. పక్కవాళ్ల ఫోన్లలో గట్టిగా మోగే రీల్స్, కిటికీలోంచి ఊసేవాళ్లు, ఇంటికొస్తే గేటుకి అడ్డంగా పెట్టిన కార్లు, ఇవన్నీ నాకు రోజూ ఉండేవే. ఇలాంటప్పుడు చాలామంది పళ్లు బిగబట్టుకుని ఊరుకుంటారు, లేదంటే ఒక్కసారిగా విరుచుకుపడతారు. ఊరుకుంటే మన తల వేడెక్కుతుంది. విరుచుకుపడితే అవతలివాడు పట్టుదలకు పోతాడు. నలుగురిలో పరువు పోకుండా ఆపే వీలిస్తే చాలామంది ఆపేస్తారని నా నమ్మకం. నేను చెప్పే పద్ధతులన్నీ దాని మీదే ఆధారపడ్డవి.

బస్సులో ఫోను సౌండు

కూర్చున్న చోటు నుంచి కేకేయకండి. లేచి దగ్గరికి వెళ్లి, ఆ మనిషికి మాత్రమే వినపడేలా చెప్పండి. కుర్రాడైతే "బాబూ", అమ్మాయైతే "అమ్మా", మన ఈడువాళ్లయితే "అండీ", పెద్దవాళ్లయితే "బాబాయ్ గారూ", "పిన్నిగారూ". పిలుపు సరిగ్గా ఉంటే సగం పని అయినట్టే. తర్వాత ఒక్క మాట చాలు: "కొంచెం సౌండు తగ్గిస్తారా, ఇబ్బందిగా ఉంది." లేని తలనొప్పి కల్పించక్కర్లేదు. "మీ ఇంట్లో కూడా ఇలాగే పెడతారా?", "చదువుకున్నవాళ్లేగా?" లాంటి ప్రశ్నలు మాత్రం అస్సలు వద్దు. వాటికి జవాబు చెప్పాలనిపిస్తుంది కానీ సౌండు తగ్గించాలనిపించదు.

ఒకసారి మంగళగిరిలో ఎక్కిన పెద్దాయన ప్రవచనం పెట్టుకున్నారు, బస్సంతా వినపడేలా. వెనక సీట్లోంచి ఒకతను "ఆపవయ్యా బాబూ!" అని అరిచాడు. పెద్దాయన ముఖం మాడ్చుకుని కిటికీ వైపు తిరిగారే తప్ప ఆపలేదు. నేను వెళ్లి "బాబాయ్ గారూ, కొంచెం తగ్గించుకుంటారా?" అన్నాను. ఆయన ఫోను నా చేతిలో పెట్టి, "ఎక్కడ నొక్కాలో చూపించమ్మా, మనవడు పెట్టిచ్చాడు" అన్నారు. పక్కనున్న బటన్ చూపించాను. బాగా తగ్గించేసి, ఫోను చెవికి ఆనించుకుని వారధి వచ్చేదాకా విన్నారు. తగ్గించడం తెలియకే చాలామంది అలా వదిలేస్తారు. పెద్దవాళ్ల దగ్గర ముందు ఆ సంగతి ఆలోచించండి.

అడిగాక అక్కడే నిలబడి చూడకండి. ముఖం తిప్పుకుని మీ సీట్లోకి వచ్చేయండి. వెంటనే తగ్గిస్తే మన మాటకి లొంగినట్టు అనిపిస్తుంది కాబట్టి కొందరు కాసేపాగి తగ్గిస్తారు. ఆ కాసేపు ఇవ్వండి. అయినా ఆపకపోతే కండక్టర్‌కి చెప్పండి. కండక్టర్ లేని నాన్‌స్టాప్ అయితే, బండి నడుస్తుండగా డ్రైవర్‌ని కదిలించొద్దు, సీటు మారడమే నయం. రైల్లో అయితే 139కి ఫోన్ చేయొచ్చు.

గేటుకి అడ్డంగా బండి

బ్రాడీపేట, అరండల్‌పేట, కొత్తపేట లైన్లలో ఇళ్ల మధ్యే ఆస్పత్రులు, ల్యాబులు. పల్నాడు నుంచో బాపట్ల వైపు నుంచో పేషెంటును కారులో తెచ్చినవాళ్లకు గేటు కనపడదు, ఖాళీ మాత్రమే కనపడుతుంది. వాళ్ల కంగారు నాకు అర్థమవుతుంది. కానీ మా ఇంట్లోనూ పెద్దవాళ్లున్నారు.

"గాలి తీయబడును" అని రాయకండి, నిజంగా తీయకండి. అది తప్పు, పైగా గాలి తీసిన బండి ఇంకో గంట మన గేటు ముందే ఉంటుంది. ఉత్త "నో పార్కింగ్" బోర్డు కూడా ఎవరూ చదవరు. కారణం రాసి చూడండి. మా గేటు మీద ఇలా ఉంటుంది: "ఈ ఇంట్లో పెద్దవారున్నారు. ఏ క్షణమైనా ఆంబులెన్సు రావచ్చు. దయచేసి గేటు వదలండి." ఆస్పత్రికి వచ్చినవాళ్లకు ఆ మాట వెంటనే తగులుతుంది. కింద మీ ఫోన్ నంబరు వేయొద్దు, కావాలంటే కాలింగ్ బెల్ కొట్టమనండి.

అయినా పెడితే హారన్ కొడుతూ నిలబడకండి. బండి నంబరు చీటీ మీద రాసుకుని దగ్గర్లోని ఆస్పత్రుల రిసెప్షన్‌లో ఇవ్వండి, పిలిచి చెబుతారు. వాచ్‌మన్‌ని ముందే పరిచయం చేసుకుంటే ఇంకా మంచిది, ఏ బండి ఎవరిదో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఎవరూ రాకపోతే గేటూ నంబరు ప్లేటూ రెండూ పడేలా ఫోటో తీసుకుని పోలీసులకు చెప్పండి.

రాత్రి మైకులు

రాత్రి పదకొండింటికి పందిరి దగ్గరికెళ్లి గొడవపడితే ఫలితం ఉండదు. అప్పటికి అందరూ హుషారులో ఉంటారు. షామియానా వేస్తున్నప్పుడే, పగలే వెళ్లండి. పెళ్లయినా, ఏ దేవుడి పందిరైనా, ముందు నిర్వాహకుల్లో పెద్దవాళ్లను కలిసి మంచిమాటలు మాట్లాడి, పరీక్షలున్న పిల్లల సంగతి, మంచంలో ఉన్నవాళ్ల సంగతి చెప్పండి. తర్వాత మైకు సెట్టు కుర్రాడితో విడిగా మాట్లాడండి. బాక్సు మన కిటికీ వైపు కాకుండా రోడ్డు వైపు తిప్పడం అతని చేతిలో పని. నాలుగు మంచిమాటలకు తిప్పేస్తాడు.

రూల్ కూడా తెలిసుండాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు, అది ఉందో లేదో కనుక్కోండి. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్‌గా ప్రకటించే వీలు ఆ నియమాల్లోనే ఉంది. ఇవన్నీ దాటితే 112కి చెప్పండి. దాని గురించి మొహమాటపడొద్దు.

మిగతావి

మందుల షాపులో లైనుండదు, చేతులే ఉంటాయి. వెళ్లగానే "ఆఖరున ఎవరండీ?" అని గట్టిగా అడిగితే వరస దానంతట అదే ఏర్పడుతుంది. మధ్యలో దూరినవాళ్లతో కాకుండా కౌంటర్లో మనిషితో చెప్పండి: "ముందు ఈవిడ వచ్చారు, ఆవిడకివ్వండి." మీకోసం కాక ఇంకొకరి కోసం చెబితే మాట బాగా చెల్లుతుంది.

బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర వెనకనుంచి హారన్ కొట్టేవాళ్లతో మాట్లాడే వీలే లేదు. అనవసరంగా హారన్ కొడితే మొదటిసారి 1,000 రూపాయల జరిమానా అని చట్టంలో ఉంది కానీ, అది మనం వేసేది కాదు. కంగారుపడి సిగ్నల్ దాటకండి, అంతే.

తాగినవాళ్లను, గుంపుగా ఉన్నవాళ్లను, చీకటి పడ్డాక ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరినీ అడగొద్దు. అక్కడి నుంచి పక్కకు వెళ్లిపోవడమే సరైన పని. ఆడపిల్లలకు ఇది మరీమరీ చెబుతున్నాను.

ఇంకో సంగతి. బస్సులో ఇంకెవరో ధైర్యం చేసి అడిగినప్పుడు మనం తల వంచుకుని ఫోన్ చూసుకుంటాం. అలా వద్దు. మెల్లగా "అవునండీ, కొంచెం తగ్గించండి" అని ఒక్క మాట కలపండి. మొదట అడిగిన మనిషి ఒంటరి కాకుండా పోతారు, గొడవ దాకా పోకుండా ఆ ఫోను తగ్గుతుంది.