పరాయి దేశంలో ఆఫీసు పనులు: పేరు మార్చకండి, పిన్ను తీయకండి

వేరే దేశానికి కొత్తగా వెళ్తున్నవాళ్ళు ఎవరు సలహా అడిగినా నేను ముందు పాస్‌పోర్ట్ తెరవమంటాను. ఫొటో ఉన్న పేజీలో అట్టడుగున రెండు లైన్లు ఉంటాయి చూడండి, ఒక్కో లైన్లో 44 గళ్ళు, ఖాళీ ఉన్నచోట బాణం మొనలాంటి గుర్తులు. పై లైన్లో దేశం కోడ్, దాని పక్కన ఇంటిపేరు, తర్వాత రెండు గుర్తులు, ఆ తర్వాత మీ పేరు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన పద్ధతి అది, అందుకే ఏ దేశం పాస్‌పోర్టయినా అలాగే ఉంటుంది. ఆ లైన్లో ఎలా ఉందో అక్కడి ఆఫీసులన్నిటికీ ఇక మీ పేరు అదే. డిగ్రీ సర్టిఫికెట్లో ఎలా రాశారు, మీరు సంతకం ఎలా పెడతారు అన్నవి కౌంటర్ అవతల కూర్చున్న మనిషికి అక్కర్లేదు.

అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, ఇన్సూరెన్స్, ఆఫీసు కాంట్రాక్టు, అన్నిట్లో అక్షరం తేడా లేకుండా ఆ పేరే రాయించండి. ఇంటిపేరుని ఒక్క అక్షరానికి కుదించడం, రెండు పేర్లని కలిపి ఒకటిగా రాయడం మనకి మామూలే కానీ అక్కడ అవి ఇద్దరు వేర్వేరు మనుషుల పేర్లు అయిపోతాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడో, పేరు గడో ఖాళీగా ఉన్నవాళ్ళకి ఇంకా కష్టం. అమెరికా వీసాలో మొదటి పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, మొదటి పేరు తెలియదని దాని అర్థం. 2022 నవంబరులో యూఏఈ అయితే పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్ళని విజిట్ వీసా మీద అనుమతించబోమని చెప్పింది. బయల్దేరడానికి ముందే ఆ గడి నింపించుకోండి. పాత సర్టిఫికెట్లలో స్పెల్లింగు వేరేగా ఉంటే, రెండు పేర్లూ ఒక్క మనిషివేనని అఫిడవిట్ చేయించి దగ్గర పెట్టుకోండి.

తారీఖుల సంగతి కూడా ఇక్కడే చెప్తాను. 04/03 అని రాస్తే అమెరికాలో ఏప్రిల్ 3, చాలా దేశాల్లో మార్చి 4. ఫారంలో ఏది ముందో చెప్పకపోతే నెల పేరు అక్షరాల్లో రాసేయండి.

ఇప్పుడు అసలు విషయం, అపోస్టిల్. మీ పుట్టిన సర్టిఫికెట్, పెళ్ళి సర్టిఫికెట్, డిగ్రీ వేరే దేశంలో చెల్లాలంటే వాటిమీద సంతకం, ముద్ర నిజమైనవేనని ఎవరో ధ్రువీకరించాలి. 1961 అక్టోబరు 5న హేగ్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ పని ఒక్క ముద్రతో అయిపోతుంది, ఆ ముద్రనే అపోస్టిల్ అంటారు. పైన ఫ్రెంచిలో శీర్షిక, కింద 1 నుంచి 10 దాకా నంబర్లేసిన వివరాలు, చదరంగా ఉంటుంది. ఇప్పుడు 120కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. భారత్‌కి 2005లో, చైనాకి 2023 నవంబరులో, కెనడాకి 2024 జనవరిలో అమల్లోకి వచ్చింది. కాబట్టి కెనడా గురించి పాత సలహాలు ఎక్కడైనా చదివి ఉంటే పక్కన పెట్టేయండి. ఒప్పందంలో లేని దేశమైతే ఆ దేశపు ఎంబసీ దాకా వెళ్ళి వరసగా ముద్రలు వేయించుకోవాల్సిందే.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, కాగితం ఏ దేశం ఇచ్చిందో అపోస్టిల్ ఆ దేశమే వేయాలి. మీరు ఉంటున్న దేశంలో ఎంత పెద్ద ఆఫీసుకి వెళ్ళినా వేయలేరు, మీ ఎంబసీ కూడా వేయలేదు. అంటే విమానం ఎక్కాక గుర్తొస్తే ఇంట్లోవాళ్ళని ఆఫీసుల చుట్టూ తిప్పాలి, కొరియర్ కోసం ఎదురుచూడాలి. బయల్దేరేముందే చేయించుకోండి, ఇప్పుడు అవసరం లేదనిపించినా సరే.

అనువాదం ఆ తర్వాతే. ముందు అనువాదం చేయించి తర్వాత ముద్ర వేయిస్తే, ఆ ముద్ర అనువాదంలో ఉండదు, అది లేదని తిప్పి పంపే ఆఫీసులు ఉన్నాయి. ఇంకోటి, అనువాదం ఎవరు చేయాలో ముందే అడగండి. చాలా దేశాల్లో కోర్టు గుర్తించిన అనువాదకుల జాబితా ఉంటుంది, ఆ జాబితాలో లేనివాళ్ళు ఎంత బాగా చేసినా చెల్లదు.

పిన్ను విషయం నేను అనుభవించి చెప్తున్నాను. మా పెళ్ళి సర్టిఫికెట్‌కి అపోస్టిల్ వేరే కాగితం మీద ఇచ్చి, రెండూ కలిపి మూలన స్టేప్లర్ పిన్ను కొట్టి, దానిమీద సగం ఈ కాగితం మీద సగం ఆ కాగితం మీద పడేలా ముద్ర వేశారు. స్కాన్ శుభ్రంగా రావాలని నేను ఆ పిన్ను తీసి, స్కాన్ అయ్యాక మళ్ళీ కొట్టాను. కౌంటర్లో ఆవిడ కాగితాల్ని తిరగేసి, మూలని వేలితో తడిమి, కిటికీ వైపు ఎత్తి చూసింది. రెండు చిల్లులు ఉండాల్సిన చోట నాలుగు ఉన్నాయి. ఒక్క మాట కూడా అనకుండా మొత్తం ఫైలు నావైపు జరిపింది. మళ్ళీ మొదటినుంచి చేయించుకోవడానికి మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలూ నా భార్య వీసా ఆగిపోయింది. పిన్ను తీయకండి. కాగితం మడిచి, వంకరగా వచ్చినా సరే అలాగే స్కాన్ చేయండి.

ఇక కౌంటర్ దగ్గర. "నమస్కారం, నాకు మీ భాష ఇంకా బాగా రాదు" అనే ముక్క అక్కడి భాషలో నేర్చుకుని వెళ్ళండి, ఎదుటి మనిషి ముఖం మారడం మీరే చూస్తారు. కావాల్సిన కాగితం పేరు మాత్రం అనువాదం చేసి అడగొద్దు, అక్కడి భాషలో దాని అసలు పేరు చీటీ మీద రాసుకుని చూపించండి, ఎందుకంటే ఇంచుమించు అదే పేరుతో వేరే కాగితం చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. ఒరిజినల్సూ, రెండేసి జిరాక్సులూ ఉండాలి. ఫొటోలు ఎక్కువ దేశాల్లో 35 బై 45 మిల్లీమీటర్లు, అమెరికాకి రెండంగుళాల చదరం. కుదరదు అంటే వాదించకండి, "ఏ కాగితం తక్కువైందో రాసిస్తారా" అని అడగండి. రాసిస్తే రెండోసారి వెళ్ళినప్పుడు ఇంకో మనిషి కూర్చుని ఉన్నా మీకు ఆధారం ఉంటుంది. ఏది ఇచ్చినా రసీదు లేకుండా కదలొద్దు.

బ్యాంకు అడ్రస్ ప్రూఫ్ అడుగుతుంది, ఇంటి ఓనర్ బ్యాంకు ఖాతా అడుగుతాడు, దీంతో అందరికీ టెన్షన్. ఒక కాగితం మీద ఎవరు ఏం అడుగుతున్నారో గీసుకోండి. ఎక్కడో ఒకచోట కాస్త తేలికైన కాగితంతో సరిపెట్టుకునేవాళ్ళు ఉంటారు, ఎక్కువసార్లు మీ ఆఫీసు హెచ్‌ఆర్ ఇచ్చే ఉత్తరమో, తాత్కాలికంగా ఉంటున్న చోట ఇచ్చే ఉత్తరమో పనిచేస్తుంది. ముడి అక్కడ్నుంచి విప్పండి. ఖాతా తెరిచేటప్పుడు ఏ దేశంలో పన్ను కడుతున్నారని అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. వందకు పైగా దేశాలు ఆ వివరాలు ఒకదానికొకటి పంపుకుంటున్నాయి. ఏడాదిలో 183 రోజులు ఎక్కడుంటే అక్కడే పన్ను అనే లెక్క అందరూ చెప్తారు కానీ చాలా దేశాలు ఇల్లు, కుటుంబం ఎక్కడున్నాయో కూడా చూస్తాయి.

పోస్టుని తేలిగ్గా తీసుకోకండి. ముందు పోస్టు డబ్బా మీద మీ పేరు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కొన్ని దేశాల్లో ఉత్తరం వెనక్కి పోతుంది. భాష రాకపోయినా ఉత్తరంలో మూడు వెతకండి: ఎవరు పంపారు, ఫైలు నంబరెంత, ఏ తేదీలోపు జవాబివ్వాలి. గడువు చాలాచోట్ల ఉత్తరం అందిన రోజునుంచి లెక్కేస్తారు, అందుకని కవరు పారేయకుండా దానిమీద అందిన తేదీ రాసిపెట్టుకోండి. ఫోన్లో ట్రాన్స్‌లేట్ చేసుకుని విషయం అర్థం చేసుకోవచ్చు గానీ, అర్థం కాని దానిమీద సంతకం మాత్రం పెట్టొద్దు, ఎంత తొందరపెట్టినా.

పాస్‌పోర్టు ఏడాదిలో అయిపోతుందంటే అప్పుడే రెన్యువల్ గురించి ఎంబసీని కనుక్కోండి, చాలా దేశాలు ఆరు నెలల గడువు ఉండాలంటాయి. ఆ దేశం వదిలి వెళ్ళేరోజు వస్తే పన్ను కాగితాలు, జీతం స్లిప్పులు వెంట తీసుకెళ్ళండి, నివాస నమోదు ఉన్నచోట రద్దు చేయించి కాగితం తీసుకోండి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అక్కడ ఉండగానే అడిగి పెట్టుకోండి, తర్వాత దూరం నుంచి వేలిముద్రలు పంపి తెప్పించుకోవడం చాలా పెద్ద పని, పైగా దానికి అపోస్టిల్ వేయాల్సిందీ ఆ దేశమే.