వాటర్‌కలర్ మొదలుపెట్టిన పెద్దవాళ్లకు వచ్చే చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

నలభై దాటాకో, రిటైరయ్యాకో వాటర్‌కలర్ మొదలుపెట్టినవాళ్లు రెండో క్లాసుకల్లా "నా చేతిలో కళ లేదండీ" అనేస్తారు. వాళ్ల కాగితం తీసుకుని చూడండి. అందులో కనిపించే తప్పుల్లో ఎక్కువ భాగం నీళ్ల తప్పులే. కాగితం మీద ఎంత తడి ఉంది, కుంచెలో ఎంత తడి ఉంది అన్న లెక్క కుదరక వచ్చినవి. కాబట్టి నేర్పేవాళ్లు బొమ్మను విమర్శించే ముందు కాగితాన్ని, నీళ్ల గ్లాసును, పైన తిరుగుతున్న ఫ్యాన్‌ను చూడాలి. సొంతంగా నేర్చుకుంటున్నవాళ్లకూ ఇదే వరుస పనికొస్తుంది.

ముందు తడిని గుర్తుపట్టడం

కింద చెప్పే సమస్యల్లో సగం ఈ ఒక్క అభ్యాసంతో తగ్గుతాయి. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న మందపాటి) కాగితం మీద రెండంగుళాల గడులు ఆరు గీయండి. అన్నిటినీ ఒకేసారి మంచినీళ్లతో తడపండి. మొదటి గడిలో వెంటనే ఒక చుక్క రంగు పెట్టండి. నిమిషం ఆగి రెండో గడిలో, మరో రెండు నిమిషాలకు మూడో గడిలో, ఇలా వ్యవధి పెంచుతూ చివరి గడి పూర్తిగా ఆరేదాకా వెళ్లండి. ప్రతి గడి కింద అప్పుడు కాగితం ఎలా ఉందో పెన్సిల్‌తో రాయించండి.

నీరు నిలిచి ఉంటే బోర్డు వంచగానే పారుతుంది. అప్పుడు పెట్టిన రంగు ఎటుపోతుందో చెప్పలేం. నీరు ఇంకి, కాగితమంతా ఒకేలా మెరుస్తున్నప్పుడు రంగు మెత్తగా పాకుతుంది. మబ్బులు, పొగమంచు, నీళ్లలో నీడలు వేయాల్సింది ఈ దశలోనే. మెరుపు తగ్గుతున్నప్పుడు కాగితంలో ఉన్న తడికంటే కుంచెలో తడి తక్కువ ఉంటేనే తాకాలి. మెరుపు పోయినా చల్లగా తగులుతుంటే లోపల చెమ్మ ఉన్నట్టే, అప్పుడు ముట్టుకోకూడదు. చేతివేళ్ల వెనక భాగంతో తాకి చూస్తే చల్లదనం బాగా తెలుస్తుంది. అది కూడా పోయాకే పై పొర వేయాలి.

మెరుపు పైనుంచి చూస్తే కనబడదు. తల కిందికి దించి, కిటికీ వెలుతురుకు ఎదురుగా, కాగితాన్ని ఏటవాలుగా చూడాలి. కుర్చీలో వెనక్కి కూర్చుని పనిచేసేవాళ్లకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పేదాకా తట్టదు.

లక్షణం: ఆరాక వాష్‌లో కాలీఫ్లవర్ మచ్చలు

వాష్ అంటే పెద్ద భాగాన్ని నీళ్ల రంగుతో ఒకేలా కప్పే పల్చటి పొర. అది సగం ఆరాక అంతకంటే ఎక్కువ నీళ్లున్న కుంచె అందులోకి వెళ్లింది. కొత్త నీరు రంగు రేణువులను బయటికి తోసి, తాను ఆగినచోట అంచుగా వదిలేస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని తరచూ మర్చిపోతారు. కాగితాన్ని బోర్డుకు అంటించిన మాస్కింగ్ టేప్ అంచున చేరిన నీటిబొట్టు, కాగితం ఆరుతున్నప్పుడు లోపలికి వెనక్కి పాకుతుంది. మచ్చ అంచునుంచి మొదలైతే తప్పు ఆ బొట్టుదే.

కాగితం ఇంకా మెరుస్తుంటే బోర్డును అటూ ఇటూ వంచి రంగు కలిసిపోనివ్వండి. మెరుపు పోయి ఉంటే చేతులు వెనక్కి తీసుకోండి. పెద్దవాళ్లకు ఇది అన్నిటికంటే కష్టం, తప్పు కనబడితే వెంటనే దిద్దాలనిపిస్తుంది. దిద్దిన ప్రతిసారీ మచ్చ పెరుగుతుంది. పూర్తిగా ఆరాక, నీళ్లు పిండిన చదును కుంచెతో మచ్చ అంచును మృదువుగా రుద్ది టిష్యూ అద్దితే చాలావరకు తగ్గుతుంది. మిగిలినదాని మీద మొత్తం ఆకారాన్ని కప్పేలా మరో పల్చటి పొర వేయవచ్చు.

మళ్లీ రాకుండా ఉండాలంటే ఎడమచేతి పక్కన మడతపెట్టిన పాత నూలు గుడ్డ ఉంచండి. కుంచె నీళ్లలో ముంచిన ప్రతిసారీ గుడ్డకు ఒకసారి అద్దాకే కాగితం మీదికి వెళ్లాలి. వాష్ అయిన వెంటనే టేప్ అంచులన్నీ పిండిన కుంచెతో ఒకసారి చుట్టిరావాలి.

లక్షణం: ఆకాశంలో అడ్డచారలు

కలిపిన రంగు మధ్యలో అయిపోయింది, లేదా కుంచె చిన్నది, లేదా బోర్డు బల్ల మీద చదునుగా ఉంది. మన దగ్గర నాలుగో కారణం ఫ్యాన్. ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణలో, రాయలసీమలో ఫ్యాన్ కింద ఒక వరుస గీసి రెండో వరుసకు వచ్చేలోపే మొదటిది ఆరిపోతుంది. వాష్ వేసే ఆ రెండు మూడు నిమిషాలూ ఫ్యాన్ ఆపాలి.

ఏ4 కాగితంలో సగానికి కనీసం 10 నుంచి 15 మిల్లీలీటర్ల రంగునీళ్లు, అంటే రెండు మూడు టీస్పూన్లు, ముందే కలిపి ఉంచుకోవాలి. మధ్యలో మళ్లీ కలిపితే అదే రంగు రాదు. బోర్డు వెనక అంచు కింద రెండంగుళాల ఎత్తున ఏదైనా పెట్టండి. 12వ నంబరు గుండ్రటి కుంచెగానీ, అంగుళం వెడల్పు చదును కుంచెగానీ తీసుకుని ఎడమనుంచి కుడికి ఒక వరుస గీయండి. దాని కింది అంచున రంగు బొట్టుకట్టి నిలవాలి. తర్వాతి వరుస ఆ బొట్టును అందుకుని కిందికి లాక్కురావాలి. బొట్టు నిలవలేదంటే కుంచెలో రంగు చాలడం లేదు. వెనక్కి వెళ్లి ఏ వరుసనూ రెండోసారి తాకకండి. చివర మిగిలిన బొట్టును పిండిన కుంచెతో పీల్చేయండి.

వానాకాలంలో, కోస్తాలో కథ తిరగబడుతుంది, అరగంటైనా ఆరదు. హెయిర్ డ్రయర్ వాడవచ్చు, కానీ మెరుపు పోయాకే, అడుగు దూరంనుంచే. మెరుస్తున్నప్పుడు గాలి కొడితే నీరు పక్కకు జరిగి కొత్త మచ్చలు పడతాయి.

లక్షణం: రంగులు బురదగా మారడం

దీనికి మూడు వేర్వేరు కారణాలున్నాయి, పరిష్కారాలూ వేరు.

ప్యాలెట్‌లోనే బురదగా ఉంటే రంగులు ఎక్కువ కలిశాయి. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉండే కోడ్లు, అంటే లోపల ఏ రంగు పదార్థం ఉందో చెప్పే గుర్తులు, చదవడం మొదటి వారంలోనే నేర్పండి. పీబీ 29 అంటే అల్ట్రామెరైన్, పీవీ 19 అంటే గులాబీ ఛాయ ఉన్న ఎరుపు, పీవై 3 అంటే నిమ్మపసుపు. బర్న్ట్ సియెన్నాను కొన్ని కంపెనీలు పీబీఆర్ 7తో, కొన్ని పీఆర్ 101తో చేస్తాయి. ఒక ట్యూబులో మూడు కోడ్లు, ఇంకోదాంట్లో రెండు ఉంటే, మీరు రెండు రంగులు కలిపాననుకున్నా లోపల ఐదు కలుస్తున్నాయి. పీడబ్ల్యూ 6 కనబడితే అందులో తెలుపు ఉన్నట్టు, ఆ రంగు పాలిపోయి పారదర్శకత పోగొట్టుకుంటుంది. మొదటి రెండు నెలలు ఒక్కో కోడే ఉన్న నాలుగు ట్యూబులు చాలు: పైన చెప్పిన పసుపు, గులాబీ, నీలం, బర్న్ట్ సియెన్నా. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే మంచి బూడిదరంగు, నలుపుకు దగ్గరి ముదురు రెండూ వస్తాయి. నల్ల ట్యూబు కొననే అక్కర్లేదు. ఇరవైనాలుగు రంగుల పెట్టెతో వచ్చినవాళ్లకు మిగతావి ఇంట్లో పెట్టి రమ్మని చెప్పాలి.

ప్యాలెట్‌లో శుభ్రంగా ఉండి కాగితం మీద మాసిపోతే నీళ్లు చూడండి. గ్లాసులు రెండు కావాలి, ఒకటి కడగడానికి, ఒకటి మంచినీళ్లకు. కడిగే గ్లాసు టీ రంగుకు వచ్చిందంటే మార్చాల్సిందే.

మొదటి పొర బాగుండి, రెండో పొర వేశాక బురదైతే, కింది పొర ఆరలేదు, లేదా పైన కుంచె ఎక్కువసార్లు తిరిగి కింది రంగును లేపింది. చిత్రకారుడు ప్రమోద్ కుమార్ ఛటర్జీ బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో బోధించిన, అడివి బాపిరాజు నేర్చుకున్న బెంగాల్ శైలిలో వాష్ పద్ధతి ఉంది. అందులో వేసిన రంగు పూర్తిగా ఆరాక కాగితాన్ని ఏకంగా నీళ్లలో ముంచి, మళ్లీ పొర వేస్తారు. రంగు ముందు కాగితాన్ని పట్టుకుని ఉంది గనకే ఆ స్నానాన్ని తట్టుకుంటుంది. మన క్లాసులో కూడా సూత్రం అంతే. పూర్తిగా ఆరనివ్వండి, మెత్తటి కుంచె తీసుకోండి, ఒక చోట ఒక్కసారే గీయండి.

బురదైన భాగానికి ఇంకో రంగు కలిపి బాగుచేయలేం. తడిపి, టిష్యూతో ఎత్తేసి, ఆరాక మళ్లీ వేయడమే దారి.

లక్షణం: వేసినప్పుడు బాగుంది, ఆరాక వెలవెలబోయింది

వాటర్‌కలర్ ఆరితే లేతబడుతుంది, అది దాని స్వభావం. దానికి తోడు పెద్దవాళ్లు రంగు దగ్గర పొదుపు చేస్తారు, ట్యూబునుంచి ఆవగింజంత రంగు పిండి, దానికి అరగ్లాసు నీళ్లు కలుపుతారు. కలపడానికి కొలత ఇలా చెప్పండి: ఆకాశానికి పల్చటి మజ్జిగ, చెట్లకు చిక్కటి పాలు, చివరి ముదురు గీతలకు మీగడ. ట్యూబులు కాక గట్టి బిళ్లలుగా వచ్చే కేకు రంగులైతే పని మొదలుపెట్టడానికి ఐదు నిమిషాల ముందు ఒక్కోదాని మీద రెండేసి చుక్కల నీళ్లు వేసి నాననివ్వాలి. పొడి కేకు మీద కుంచెను రాపాడిస్తే రంగు రాదు, కుంచె పాడవుతుంది.

అదే కాగితం ముక్క మీద రంగు పూసి, ఆరాక చూసి, అప్పుడు బొమ్మలో వేయండి. ఇంకా అనుమానముంటే ఫోన్‌లో బొమ్మ ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. అంతా ఒకే బూడిదగా కనిపిస్తే ముదురు భాగాలు ఇంకా వేయలేదని అర్థం.

లక్షణం: కాగితం ఉబ్బడం, పొర లేవడం, రంగు మచ్చలుగా ఇంకిపోవడం

డబ్బు పెట్టాల్సింది ముందు కాగితం మీద. విద్యార్థుల రకం రంగులతో మంచి కాగితం మీద నేర్చుకోవచ్చు, ఖరీదైన రంగులతో డ్రాయింగ్ పుస్తకం మీద నేర్చుకోలేం. అక్కడ ఏ పద్ధతి సరిగ్గా చేసినా ఫలితం రాదు, తప్పు తమదేననుకుని మానేస్తారు.

200 జీఎస్‌ఎం కంటే పల్చటిది తడిస్తే అలలుగా లేచి, పల్లాల్లో రంగు చేరుతుంది. 300 జీఎస్‌ఎం, కోల్డ్ ప్రెస్డ్ (కాస్త గరుకుగా ఉండే రకం), వీలైతే వంద శాతం కాటన్ తీసుకోండి. ఖర్చనిపిస్తే 22×30 అంగుళాల పూర్తి షీటు కొని ఎనిమిదిగా చింపండి, 7.5×11 అంగుళాల ముక్కలొస్తాయి, వెనక వైపు కూడా అభ్యాసానికి వాడవచ్చు. "ఖరీదైన కాగితం పాడవుతుందేమో" అన్న భయం చేతిని బిగిస్తుంది, చిన్న ముక్కతో ఆ భయం సగం పోతుంది.

రుద్దగానే పొర లేచి ఉండలు కడుతుంటే అది కాటన్ లేని కాగితం. దాని మీద రంగు ఎత్తే పని పెట్టుకోకండి. రంగు పెట్టగానే లోపలికి ఇంకి చుక్కలు చుక్కలుగా కనిపిస్తే, కాగితం పైనున్న సైజింగ్ పూత, అంటే నీటిని వెంటనే ఇంకనివ్వని పూత, పోయింది. తేమలో నిలవుంచితే, గట్టి రబ్బరుతో ఎక్కువ చెరిపితే ఇలా అవుతుంది. ఆ కాగితాన్ని బాగుచేయలేం, స్కెచ్‌లకు వాడుకోండి. కొత్తది గాలి చొరని కవర్లో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టండి. చెరపడానికి మెత్తగా పిసికే రబ్బరు వాడండి.

పూర్తయిన బొమ్మ వంగి ఉంటే వెనకవైపు స్పాంజితో లేతగా తడిపి, రెండు శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పెట్టి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి.

లక్షణం: తెలుపు మిగలకపోవడం, టేప్‌తో కాగితం చిరగడం

తెల్లగా ఉండాల్సిన చోట్లకు ముందే పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టించండి. సన్నటి వాటికి మాస్కింగ్ ఫ్లూయిడ్ వాడతారు, ఇది రంగు తగలకుండా కాగితాన్ని కప్పి, తర్వాత ఒలిచేసే జిగురు ద్రవం. కుంచెను ముందు సబ్బులో ముంచి, పాత కుంచెతోనే వేయాలి. ఎండాకాలంలో అదే రోజు తీసేయాలి, దాని మీద డ్రయర్ పెట్టకూడదు, వేడికి కాగితానికి అతుక్కుపోతుంది. టేప్ మాత్రం డ్రయర్‌తో కాస్త వేడి చేసి, బొమ్మనుంచి బయటివైపుకు ఏటవాలుగా, నెమ్మదిగా లాగాలి. మర్చిపోయి రంగేసిన చోట అల్ట్రామెరైన్ తడిపితే చాలావరకు వస్తుంది. థాలో బ్లూ, అంటే పీబీ 15, కాగితాన్ని పట్టేసుకుంటుంది, రాదు.

లక్షణం: గీతలు బిగుసుకుపోవడం

కుంచెను పెన్నులా కొస దగ్గర పట్టుకుంటున్నారు. వేళ్లను రెండంగుళాలు వెనక్కి జరపమనండి, పెద్ద ఆకారాలను నిలబడి వేయమనండి. చదువుకునే కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లు కాగితంలోకి వంగిపోతారు. బోర్డును ఎత్తి చూపుకు దగ్గర చేస్తే వంగక్కర్లేదు. కుంచె కొస చీలితే అది గ్లాసులో నిలబెట్టి వదిలేసినందువల్ల. కడిగి, కొస వేళ్లతో సరిచేసి, పడుకోబెట్టి ఆరనివ్వాలి.