మామ్మ కథ రాసుకోవాలంటే

"మామ్మా, నీ జీవితం గురించి చెప్పు" అని అడిగితే ఒక్క ముక్క రాదు. "నా బతుకులో ఏముందిరా, వండి వార్చడమేగా" అని లేచి వెళ్ళిపోతుంది. మా కోనసీమలో ఆ తరం ఆడవాళ్ళకి తన గురించి తాను చెప్పుకోవడమంటే గొప్పలు పోవడమే. అందుకని ఆవిడ గురించి అడగొద్దు. సామాన్ల గురించి, మనుషుల గురించి అడగండి.

ముందు అటక మీది ఇత్తడి సామాను దింపించండి. గంగాళాల అంచుల మీద, బిందెల మెడల మీద పేర్లు చెక్కించి ఉంటాయి. ఎవరు పెట్టారో, ఏ శుభకార్యానికో, కొన్నిటి మీద తేదీతో సహా. చింతపండు పెట్టి తోమితే అక్షరాలు తేలతాయి. మా ఇంట్లో ఒక మరచెంబు మీద చుట్టాల్లో ఎవరిదీ కాని పేరు కనబడింది. ఎవరిదని అడిగితే అప్పుడు బయటికొచ్చింది: పుట్టింటికి వెళ్ళే దారిలేని ఒక పొరుగింటావిడకి మామ్మ తన గదిలోనే పురుడు పోయించిందట, ఆవిడ అన్నగారు తెచ్చిచ్చిన చెంబట అది. మా నాన్నక్కూడా ఆ సంగతి తెలీదు.

కబుర్లకి మంచి వేళ చేతులకి పని ఉన్నప్పుడు. పనసపొట్టు కొడుతూనో, చింతపండు పిక్కలు తీస్తూనో ఉంటే మాట దానంతటదే వస్తుంది. రికార్డు చేస్తున్నానని ముందే చెప్పి, ఫోను ఆవిడ కళ్ళకి కనబడకుండా పక్కన పెట్టండి.

తేదీల గురించి టెన్షన్ వద్దు. ఆధార్‌లో జనవరి 1 అని ఉందంటే చాలావరకు ఎవరో నింపేసిన తేదీయే. "ఏ సంవత్సరం?" అని కాదు, "వరదొచ్చేనాటికి బాబాయి నడుస్తున్నాడా, చంకలో ఉన్నాడా?" అని అడగాలి. 1953, 1986 వరదలు రెండూ ఆగస్టులోనే. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015. పాశర్లపూడి బ్లోఅవుట్ (గ్యాస్ బావి పేలి మంటలు లేచింది) 1995 జనవరి, పెద్ద తుఫాను 1996 నవంబరు 6. ఈ గుంజలు పాతుకుంటే పెళ్ళిళ్ళు, పురుళ్ళు, గృహప్రవేశాలు వాటి మధ్యలో సర్దుకుంటాయి. "అంతర్వేది తీర్థం వెళ్ళిన మర్నాడు" లాంటి మాటల్ని అలాగే రాసుకోండి. తర్వాత పాత పంచాంగం చూసుకోవచ్చు.

ఆ తర్వాత గడప దాటాలి. అసలు సరుకంతా బయటే ఉంటుంది. తుఫాను గురించి మా మామ్మ చెప్పింది ఇంతే: "ఏముంది, గాలేసింది, చెట్లు పడ్డాయి." మా చేలో ఊడ్పులకి వచ్చే ఒకావిడని అడిగాను. "ఆయ్, ఆ రాత్రి మా పేటలో సగం మంది మీ డాబాలోనే ఉన్నామండి. తెల్లారాక మామ్మగారు గంగాళంతో గంజన్నం కాయించారండి. మంచినీళ్ళెక్కడివండీ, పడిపోయిన చెట్ల బొండాలే తాగాం" అంది. పాల కేంద్రం దగ్గర, గుడి దగ్గర, పాత కౌలుదార్ల దగ్గర కూడా ఒకసారి కూర్చోండి. వాళ్ళు చెప్పేది ఇంట్లోవాళ్ళు చెప్పినదానితో కలవకపోతే రెండూ రాయండి, ఎవరు చెప్పారో పక్కన వేయండి.

దేవతని మాత్రం చేసేయకండి. గట్టు మీది కొబ్బరిచెట్టు కోసం మా మామ్మ తోడికోడలితో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. ఆవకాయ జాడీ మాత్రం ఏటా ఆ ఇంటికి వెళ్ళేది, పనిమనిషి చేత. ఇలాంటివి తీసేయమని పెద్దవాళ్ళు పట్టుబడతారు. నేనైతే ఉంచాను.

రాసింది ఆవిడకి చదివి వినిపించండి. మీరడిగినప్పుడు రానివన్నీ అప్పుడొస్తాయి, "కాదురా, ఆ బండిలో ముందు కూర్చున్నది మీ పెదనాన్న" అంటూ. కాపీలకి అమలాపురంలో స్పైరల్ బైండింగ్ చాలు, అక్షరాలు పెద్దవిగా వేయించండి. మొదటి కాపీలు మేనత్తలకి పంపండి. లేదంటే వాళ్ళ పేరు ఏ పేజీలో వెనకబడిందో వచ్చే పెళ్ళి పందిట్లో అందరి ముందూ అడుగుతారు.